విరగక ముందే నిలబెట్టాలి

రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లకు కాలే ఆస్తి. నాటు వేయాలన్నా, తట్ట మోయాలన్నా ముందు నిలబడాలి. తొంటి దగ్గర నొప్పి మొదలైతే మన పల్లెల్లో అనే మాట ఒకటే: “వయసు మీద పడింది, వాతం.” నూనె రాసి తోముతారు, కట్టు కడతారు. చాలాసార్లు అది వాతమే కావచ్చు. కాని ఇదివరకు క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న మనిషికి ఆ నొప్పి వస్తే సంగతి వేరు.

రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండం, థైరాయిడ్, ప్రోస్టేటు - వీటిలో పుట్టిన క్యాన్సర్ ఎముకలకూ పాకుతుంది. పొడవాటి ఎముకల్లో ఎక్కువగా దెబ్బతినేది తొడ ఎముక పైభాగం. ఒంటి బరువు మోసేదీ అదే. చెద తిన్న దూలంలాగా లోలోపల గుల్లబారి, ఒకనాడు మంచం దిగుతుంటేనే విరుగుతుంది. అలా విరిగింది కట్టు కడితే అతుక్కోదు.

విరగక ముందే గుర్తించే దారి ఉంది. 1989లో మిరెల్స్ అనే వైద్యుడు ఒక లెక్క చెప్పాడు. తెగులు ఉన్న చోటు, నొప్పి, ఎక్స్‌రేలో కనబడే తీరు, ఎముక మందంలో ఎంత చెడింది - ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 12కు 9 గాని, ఆపైన గాని వస్తే ముందే ఆపరేషన్ చేయడం మేలు. లోపల లోహపు కడ్డీ దించాలా, కీలు మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తాడు. తర్వాత మామూలుగా రేడియేషన్ ఇస్తారు.

“ఎలాగూ పోయే ప్రాణానికి ఆపరేషన్ ఎందుకు?” అనే పెద్దమనుషులున్నారు. ఇది క్యాన్సర్‌ను మాన్పదు, నిజమే. కాని నొప్పి తగ్గిస్తుంది, మనిషిని మంచాన పడనీయదు. కాలం మరీ దగ్గరపడ్డ వాళ్లకు రేడియేషన్, మార్ఫిన్ చాలనుకోవచ్చు. అది రోగి స్థితి చూసి తేల్చాలి గాని జేబు చూసి కాదు.

సికింద్రాబాదు పక్కన ఒకప్పటి పల్లె యాప్రాల్‌లో ఇవాళ అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడ తట్ట మోసే కూలికీ, ఊళ్లో కలుపు తీసే కూలికీ కష్టం ఒకటే. 1955లో వెలసిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాదులో ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది; తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. కాని ఎక్స్‌రేకు ఒక రోజు, రిపోర్టుకు ఒక రోజు తిరిగితే పోయిన కూలి ఎవరిస్తారు?

క్యాన్సర్ రోగి తొంటి నొప్పి అంటే అదే రోజు ఎక్స్‌రే తీయాలి. కడ్డీ, కీలు, రేడియేషన్, దారిఖర్చు సర్కారే భరించాలి. సంఘం కార్యకర్తలు ఇలాంటి రోగులుంటే తోముడు ఆపించి, ఆసుపత్రికి వెంట నడవాలి. కాలు విరిగాక సానుభూతి చూపడం కాదు, విరగక ముందే అడగాలి.