మూడవ సిలిండరు మౌనవ్రతం

గత సంచికలో కుట్టుమిషను సూదులను గూర్చి వ్రాసినాము. దానిమీద వచ్చిన ఉత్తరాలలో ఒకటి మాత్రం మోటారుకారు విషయం. "మా నాన్నగారి పాతకారు ఎక్కుడు రోడ్డుమీద దగ్గుతున్నది. మెకానిక్కు ఇంజను విప్పాలంటున్నాడు. విప్పించమంటారా?" అని ఒక సోదరి అడిగారు. జాబు వ్రాద్దామని కలం పట్టేసరికి బీదరులో మా పెద్దన్నయ్యగారి ఇంటినుండి ఫోను వచ్చింది. అక్కడా అదే జబ్బు, అదే మాట. కనుక ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఆ సోదరి దగ్గరకు వస్తాము.

అన్నయ్యగారిది 1984 నాటి అంబాసిడరు, పెట్రోలు బండి. వారు పోయి రెండేళ్లయింది. వదినగారికి కారు నడపటం రాదు. అయినా రోజూ తెల్లవారకుండానే లేచి, బకెట్టు నీళ్లతో బండి కడిగి, బానెట్టు ఎత్తి రేడియేటరులో నీరు చూసి, లోపల కూడా తడిగుడ్డతో తుడిచి వస్తారు. అన్నయ్యగారు చేసే పని అది, ఆమె మానలేదు. మూడు నెలలకొకసారి హైదరాబాదులో కంటి డాక్టరు దగ్గరకు ఆ బండిలోనే పోతారు. అబ్బాయి నడుపుతాడు. బీదరునుండి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే కదా, రాష్ట్రాలు వేరైనా డాక్టర్లు, పెళ్లిసంబంధాలు, మోటారు సామాన్లు ఇప్పటికీ అటునుంచే.

ఆషాఢం వానలు పట్టిన దగ్గరనుండి బండి మిస్సింగ్ కొట్టటం మొదలుపెట్టింది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. మొదటివాడు కార్బొరేటరు కడిగాడు. రెండవవాడు నాలుగు ప్లగ్గులూ, కాయిలూ మార్చాడు. మూడవవాడు, "వాల్వు కాలిపోయింది, హెడ్డు దించాలి, నలభై వేలవుతుంది" అన్నాడు. ఆ మాటమీద అబ్బాయి పాత ఇనుము వ్యాపారిని పిలిచి బేరం కుదుర్చుకొన్నాడు. సోమవారం వచ్చి బండిని తీసుకొనిపోతాడట. వదినగారు ఔననలేదు, కాదనలేదు. శనివారం మధ్యాహ్నానికి మేము బీదరు చేరాము.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ఫోనులో కథ వినగానే మేము నేరం పెట్రోలుమీద మోపాము. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరవై వంతులదాకా ఎథనాలు కలుపుతున్నారు. అది నీటిని పట్టుకొంటుంది, పాత బండ్ల రబ్బరు గొట్టాలకు సరిపడదు. చెరుకు పండించే బీదరులో ఉంటూ చెరుకురసాన్ని ఆడిపోసుకోవటం న్యాయం కాదు గాని, అనుమానం మాత్రం అటే పోయింది. పెట్రోలు గొట్టాలన్నీ తడిమి చూశాము. చెమ్మ లేదు, చీలిక లేదు. పెట్రోలు నిర్దోషి.

అసలు మిస్సింగ్ అంటే ఏమిటో తెలియని చదువరులకు రెండు మాటలు. ఇంజనులో నాలుగు సిలిండర్లు. ప్రతిదానిలోనూ పెట్రోలు గాలితో కలిసి నొక్కుకుపోయిన సమయానికి ప్లగ్గు ఒక నిప్పురవ్వ వేయాలి. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. కాయిలు దానిని వేల వోల్టులు చేస్తుంది. ఆ కరెంటు డిస్ట్రిబ్యూటరు మూత నడినెత్తిన దిగుతుంది. మన మెకానిక్కులు కొందరు దీనినే డెల్కో అంటారు. లోపల రోటరు గిర్రున తిరుగుతూ నాలుగు దిక్కులా ఉన్న నాలుగు రాగిముక్కలకు వంతులవారీగా కరెంటు పంచుతుంది. ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. పంక్తిలో నలుగురు కూర్చుంటే నేతిగిన్నె పట్టుకొన్న మనిషి ఒక వరుసలో వడ్డించుకుంటూ పోయినట్లన్నమాట. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే 4,000 రవ్వలు పడాలి. హైదరాబాదుకు మూడు గంటల ప్రయాణమనుకొంటే 7,20,000 వడ్డనలు. ఒక విస్తరి తప్పిపోయినదంటే అందులో 1,80,000 తప్పినట్లు. ఆ పెట్రోలు మండక పచ్చిగా సిలిండరులోకి దిగి గోడలమీది నూనెను కడిగేస్తుంది. కనుక దగ్గే బండిని "ఎలాగో పోతున్నది కదా" అని నెలలతరబడి నడపటం మంచిది కాదు.

ఆ సాయంత్రం మేము బండి స్టార్టు చేస్తే గడియారంలా నడిచింది! ఊరంతా తిప్పాము. మహమూద్ గవాన్ మదరసా చుట్టూ, కోటగోడ వెంబడి, చౌబారా మీదుగా మళ్లీ ఇంటికి. ఒక్క దగ్గు లేదు. అబ్బాయి మొగం చిన్నబోయింది. "మీరొస్తే ఇలా చేస్తున్నది బాబాయ్, నా మాట అబద్ధమనుకొంటారేమో" అన్నాడు. అప్పుడు వదినగారు వంటింటి గుమ్మంలోనుండి, "మరిదిగారూ, నాకు మోటార్ల సంగతి తెలియదు గాని, ఒకమాట. అది పొద్దున్న పూటే తుమ్ముతుంది. అందులోనూ నేను బాగా కడిగిన రోజున. ఎండెక్కితే మానుకొంటుంది. వీడు ఎప్పుడూ భోజనం చేసి మధ్యాహ్నమే షెడ్డుకు తీసుకొనిపోతాడు" అన్నారు.

మేము నిలువునా కూర్చుండిపోయాము. ముగ్గురు మెకానిక్కులూ బండిని జబ్బు లేని వేళలోనే చూశారన్నమాట. రోగి చెయ్యి చూడకుండా మందిచ్చినట్లు, ఎవరికి తోచిన సామాను వారు మార్చారు. బండితో రోజూ గడిపే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు సుమండీ. ఆమె చెబితే విన్నాము.

అన్నయ్యగారి కాలంనుండి ఆ బండి చూసిన ముసలి ఉస్తాదు ఒకాయన ఉన్నారు. కళ్లకు పొర వచ్చి షెడ్డు మూసుకొన్నారు. ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు అబ్బాయి వెళ్లి ఆటోలో తీసుకొనివచ్చాడు. రాత్రంతా వాన పడి బండి చెమ్మగిల్లి ఉన్నది. ఉస్తాదు ఎత్తుపీటమీద కూర్చుని, బానెట్టు జోలికి పోకుండా, "పహలే సునేంగే సాబ్" అన్నారు.

స్టార్టు చేశాము. బండి కుంటుతున్నది. ఉస్తాదు సైలెన్సరు వెనుక అరచెయ్యి పెట్టి చూశారు. మూడు ఊదులు, ఒక ఖాళీ. మళ్లీ మూడు, ఒక ఖాళీ. "బరాబర్ ఏకీచ్ సిలిండర్" అన్నారు. ఈ పరీక్షకు దమ్మిడీ ఖర్చు లేదు. ఖాళీ ఒకే లెక్కన వస్తే దోషం ఒక సిలిండరుది. లెక్కా పత్రం లేకుండా తడబడితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సామాను, అంటే పాయింట్లు, కండెన్సరు, కాయిలు, లేక పెట్రోలు. అంటే మార్చిన కాయిలు అనవసరంగా మార్చినదే.

తరువాత రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి, వైరు కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా ఉంచి చూశాము. ఒకటవది తీస్తే ఇంజను ఇంకా కుంగింది. రెండవదీ అంతే. నాలుగవదీ అంతే. మూడవది తీస్తే చలనమే లేదు. ఉన్నా లేకున్నా ఒకటే. దొంగ దొరికాడు. ఈ పరీక్ష పాయింట్లున్న పాతబండ్లకే. ఈనాటి కార్లకు చేయరాదు, ఎలక్ట్రానిక్ సామాను కాలిపోగలదు. వాటికి కంప్యూటరు ఉన్నది; స్కానరు తగిలిస్తే పి 0303 అని చూపుతుంది, అంటే మూడవ సిలిండరు తప్పుతున్నదని. ఎందుకు తప్పుతున్నదో మాత్రం ఆ అంకె చెప్పదు. ఆ వెతుకులాట పాతబండికీ కొత్తబండికీ ఒకటే. ఇంకొక మాట: ఇంజను నడుస్తుండగా పైటచెంగులు, కండువాలు, జడలు ఫ్యానుకు దూరంగా ఉండాలి. మేము కండువా తీసి గేటుమీద వేశాము.

ఎండెక్కితే జబ్బు దాక్కుంటుంది గనుక త్వరపడ్డాము. మూడవ ప్లగ్గు ఒకటిలోకి, ఒకటవది మూడులోకి మార్చాము. దోషం మూడవదానిలోనే ఉండిపోయింది. ప్లగ్గు చెడితే దానితోపాటు ఒకటవదానికి పోవాలి కదా. అంటే ప్లగ్గు మంచిదే. వైర్లు అలాగే అటూ ఇటూ మార్చాము. దోషం మళ్లీ కదలలేదు. వైరూ మంచిదే. ఒకసారి ఒక్కటే మార్చటం, మార్చిన వెంటనే చూడటం. ఈ పరీక్షలో ఉన్నదల్లా అంతే. రెండవ మెకానిక్కు ప్లగ్గులు, కాయిలు కలిపి మార్చినందున బండి బాగైనా ఎందువల్ల బాగైనదో అతనికి తెలిసేది కాదు.

మిగిలినవి రెండు. సిలిండరులో నొక్కుడు లేకపోవటం, లేక డిస్ట్రిబ్యూటరు మూత. మొదటిది నిజమైతే మూడవ మెకానిక్కు చెప్పిన నలభై వేలూ నిజమే, వ్యాపారికిచ్చిన మాటా నిజమే. ప్లగ్గులన్నీ విప్పి, రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, స్టార్టరు తిప్పాము. అబ్బాయి చూసి చదువుతుంటే వదినగారు క్యాలెండరు వెనుక అంకెలు వ్రాసుకొన్నారు. నాలుగూ ఇంచుమించు ఒకటే. వాల్వు కాలితే ఆ సిలిండరు అంకె చతికిలబడి ఉండేది. వదినగారు క్యాలెండరు రెండుసార్లు చూసుకొన్నారు.

అప్పుడు మూత విప్పాము. వెలుతురుకు పట్టి చూస్తే లోపల, మూడవ రాగిముక్కనుండి నాలుగవదానికి, వెంట్రుకంత బీట. దాని వెంబడి సన్నగా మెరిసే బూడిదరంగు గీత. మన బిద్రీ పనివారు నల్లని లోహంలో వెండితీగ పొదిగినట్లుంది, చూడముచ్చటగానే ఉంది! వేడికీ ఏళ్లకూ మూత బీటలు వారింది. బీటలో తడి చేరింది. రవ్వ ఆ తడివెంట దారి చేసుకొని, దారిని బొగ్గు చేసింది. బొగ్గు కరెంటుకు రాజబాట. మూడవ విస్తరిలో పడవలసిన నెయ్యి నాలుగవ విస్తరిలో పడుతున్నది. అకాలంలో నాలుగవ సిలిండరులో రవ్వ పడితే మంట కార్బొరేటరులోకి ఎగదన్నుతుంది. వదినగారు తుమ్ము అన్నది అదే.

ఆమె మొగం పాలిపోయింది. "అయితే నేను కడగబట్టే పాడయిందా?" అని అడిగారు. ఉస్తాదుకు తెలుగు బాగానే వచ్చు. "లేదమ్మా, బీట వయసుది. నీళ్లు చాడీ చెప్పినయి, అంతే" అన్నారు. ఆ మాట మేము చెప్పివుంటే ఆమె నమ్మేవారు కారేమో.

కొత్త మూత బీదరులో దొరకలేదు. అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది. సామాను కావాలంటే సికింద్రాబాదు రాణీగంజు వెతకాలి. అందాకా పాత ఉపాయం ఒకటి ఉన్నది. బొగ్గు గీతను చాకుమొనతో పూర్తిగా గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పైన గోళ్లరంగు పూయాలి. అబ్బాయి కూతురు తన సీసా తెచ్చి ఇచ్చింది, ముదురు ఎరుపు. తానే పూస్తానంది, పూసింది కూడా, మాకంటె నేర్పుగా. గంట ఆగి మూత బిగించి, బానెట్టులోకి నీళ్లు తుంపరగా చల్లి మరీ స్టార్టు చేశాము. నాలుగు ఊదులు, ఖాళీ లేదు.

సోమవారం వ్యాపారి బండి తాళ్లతో సహా వచ్చాడు. వదినగారు టీ ఇచ్చి, అనవసరంగా మార్చిన ప్లగ్గులు, కాయిలు మా ముందర పెట్టించి, "ఇవి మంచివే, ఇంట్లో ఉంచుకొంటాము; నీకివ్వటానికి ఏమీ లేదు నాయనా" అన్నారు. గోళ్లరంగు తొమ్మిది రోజులు నిలిచింది. పదవనాడు రాణీగంజునుండి మూత, రోటరు వచ్చాయి. వైర్లు తారుమారు కాకుండా పాత మూతనుండి ఒక్కొక్కటే తీసి కొత్తదానికి పెట్టి, పాయింట్ల సందు అంగుళంలో వేయోవంతులు 15కు సరిచేశాము. కంటి డాక్టరు దగ్గరకు అందులోనే వెళ్లివచ్చారు. వదినగారు ఇప్పుడు బండి బయట తడిగుడ్డ, బానెట్టు లోపల పొడిగుడ్డ వాడుతున్నారు.

ఇక ఆ సోదరికి. అమ్మా, మీ నాన్నగారి బండి జబ్బు ఇదే అనుకోకండి. ఎక్కుడులో, బరువుమీద మాత్రమే దగ్గుతున్నదంటే కారణాలు వేరుగా ఉండవచ్చు. బరువు పడినప్పుడు సిలిండరులో నొక్కుడు పెరిగి రవ్వకు ఎక్కువ వోల్టులు కావాలి. ప్లగ్గుల సందు పెరిగినా, కాయిలు బలహీనపడినా, వైర్లు కారుతున్నా అప్పుడే బయటపడుతుంది. పెట్రోలు ఫిల్టరు పూడినా, పంపు సరిగా అందించకపోయినా అంతే. ప్లగ్గులు విప్పి సందు కొలిపించండి, ఫిల్టరు చూపించండి. ఏ వేళ దగ్గుతున్నదో, చల్లగా ఉన్నప్పుడో వేడెక్కిన తరువాతో, వానలోనో ఎండలోనో, నాన్నగారినే అడిగి వ్రాసుకోండి. గేజితో నాలుగు సిలిండర్ల నొక్కుడు చూడనిదే ఇంజను విప్పటానికి ఒప్పుకోవద్దు. ఆ నాలుగు అంకెలూ ఒక కార్డుమీద వ్రాసి పంపితే వచ్చే నెల చూద్దాము.