వెనుక బెంచీ గోల... దాని వెనుక ఏముంది?

గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్లు నలుగురు చేరితే ముందుగా వచ్చే ముచ్చట పిల్లల చదువే. ‘మావోడు బీటెక్ సెకండియర్’ అని చెప్పేటప్పుడు ఎంత అలసట ఉన్నా మొహం వెలుగుతుంది. కానీ ఆ క్లాసు గదిలో ఏం జరుగుతోందో మనలో ఎందరికి తెలుసు?

పాఠం నడుస్తుంటే డెస్కు కింద ఫోన్లో రీల్స్. వెనుక వరసలో ఈలలు, వెకిలి నవ్వులు. సగం క్లాసయ్యాక తలుపు తోసుకుని రావడం. అడిగితే ఎదురు సమాధానం. తెలుగు రాష్ట్రాల్లో ఏ లెక్చరర్ని కదిలించినా ఇవే కష్టాలు చెబుతారు. అరవై మంది ఉన్న సెక్షన్లో అయిదుగురు గోల చేస్తే మిగతా యాభై అయిదు మందికీ పాఠం పోయినట్టే. ఆ యాభై అయిదు మందిలో మన పిల్లలూ ఉండొచ్చు, ఆ అయిదుగురిలోనూ ఉండొచ్చు.

అల్లరంతా ఒకటి కాదు

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పుస్తకాల మధ్య బిగించి ఉంచుతాం. బీటెక్ లో చేరగానే ఒక్కసారిగా కట్లు తెగుతాయి. కొందరి అల్లరికి కారణం ఇదే. ఊళ్లో తెలుగు మీడియంలో చదివినవాడి సంగతి వేరు. ఇంగ్లిష్ పాఠం బుర్రకెక్కదు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు. ఆ సిగ్గును కప్పుకోవడానికి జోకులు వేస్తాడు. ఇక మూడో రకం... అప్పటిదాకా బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి చిరాకు పడతాడు, ఎవరితోనూ కలవడు, క్లాసులకు రాడు. అది అల్లరి కాదు, లోపలి బాధ. ఈ ముగ్గురికీ ఒకే మందు వేస్తే ఎలా?

మన కాలేజీల్లో చాలాచోట్ల జరిగేది అదే. అందరి ముందూ నిలబెట్టి తిట్టడం, లేదంటే ‘గెటౌట్’. బయటికి పోవాలని చూసేవాడికి అది శిక్ష కాదు, సెలవు! బాధలో ఉన్నవాడిని అమ్మాయిల ముందు, స్నేహితుల ముందు అవమానిస్తే ఇంకా కుంగిపోతాడు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఇంకో జబ్బు ఉంది. సీటు ఖాళీ అయితే ఫీజు పోతుందని యాజమాన్యం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అండ లేని లెక్చరర్ బోర్డు వైపు తిరిగి తన పాఠం తాను చెప్పుకుపోతాడు.

మరేం చేయాలి? మొదటి రోజే నియమాలు చెప్పాలి. చిన్న తప్పు దగ్గరే ఆపాలి. క్లాసయ్యాక పక్కకు పిలిచి, ‘ఏమైందిరా?’ అని అడగాలి. మళ్లీ చేస్తే తేదీతో సహా రాసిపెట్టి విభాగాధిపతికి చెప్పాలి. బాధ అని తోస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. కొట్లాట, బెదిరింపుల దాకా వస్తే క్రమశిక్షణ కమిటీ ముందు పెట్టి, పిల్లాడి మాట కూడా విని తేల్చాలి. ప్రేమ ఒక్కటే చాలదు, బెత్తం ఒక్కటే చాలదు.

హద్దు దాటితే చట్టమే

‘సరదాకి చేశాం’ అంటే ఇప్పుడు చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం తోటి విద్యార్థి చదువుకు సీనియర్లు ఆటంకం కలిగించినా అది ర్యాగింగే. ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల దాకా కాలేజీ నుంచి వెలివేయవచ్చు. తప్పు పెద్దదైతే అడ్మిషనే రద్దు. ఇక హాజరు సంగతి. హైదరాబాద్ జేఎన్టీయూ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. సరైన కారణం చూపితే 65 దాకా మన్నిస్తారు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అంటే మనకు ఇంకొంతకాలం ఓవర్ టైమ్!

మన చేతిలో ఉన్నది

పిల్లాడు క్లాసుకు రాకపోతే చాలా కాలేజీలు తల్లిదండ్రుల నంబరుకు మెసేజ్ పంపుతాయి. ఆ నంబరు ఎవరిది? చాలాసార్లు అది పిల్లాడి చేతిలోనే ఉంటుంది. పేరెంట్స్ మీటింగుకు ఎవరో ‘బాబాయ్’ వచ్చి సంతకం పెట్టి పోతాడు. కాలేజీ రికార్డులో మీ గల్ఫ్ నంబరు, ఇంట్లో ఆమె నంబరు రాయించండి.

సౌదీ, కువైట్, ఖతార్ లలో శుక్రవారం సెలవు. అక్కడ అది కాలేజీ పని దినం. ఇక్కడ ఉదయం తొమ్మిదంటే మన ఊళ్లో పదకొండున్నర. నెలకోసారి క్లాసు చూసే లెక్చరర్ కి ఫోన్ చేసి, ‘సార్, మావాడు ఎలా ఉన్నాడు?’ అని అడగండి. మార్కుల కంటే ముందు మనిషి గురించి అడగండి.

ఫిర్యాదు వస్తే వెంటనే ‘డబ్బులు పంపను’ అని అరవకండి. దూరంగా ఉన్న తండ్రి కోపానికి భయపడే పిల్లాడు అబద్ధం నేర్చుకుంటాడు గానీ మారడు. ముందు వాడు చెప్పేది వినండి. మనసు బాగాలేదని తోస్తే 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. ఊళ్లో నుంచి 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

నెలనెలా డబ్బు పంపడం మనకు అలవాటే. ఈ శుక్రవారం ఆ ఫోన్ కూడా చేద్దాం.