రేడియో ఉంది సరే, చేంతాడేదీ?

అమెరికాలో నాకు తెలిసిన మనవాళ్ళ ఇళ్ళల్లో నాలుగైదు చోట్ల సీబీ రేడియో ఉంది. "తుఫానొచ్చినా, కరెంటు పోయినా పనికొస్తుంది లెండి" అని కొన్నవే అన్నీ. వాటిల్లో చాలావరకు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. యాంటెనా ఏదండీ అని అడిగితే "దానికి పెద్ద స్తంభం పాతాలట కదా, మా కాలనీలో ఒప్పుకోరు" అంటారు. బొక్కెన కొనుక్కుని చేంతాడు కొనకపోతే నీళ్ళెలా వస్తాయి? నా మటుకు నాకు సీబీలో అసలు పరికరం యాంటెనాయే, రేడియో దానికి తోక. పైగా ఆ యాంటెనాకి స్తంభం అక్కర్లేదు. గంట సేపట్లో కట్టి, పనయ్యాక చుట్టి లోపల పెట్టుకునే తీగ ముక్క చాలు.

సీబీ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానళ్ళు ఉంటాయి. అమెరికాలో 1983 నుంచి లైసెన్సు తీసుకోనక్కర్లేదు, పరీక్ష అసలే లేదు. ఏఎం అయితే 4 వాట్లు, సింగిల్ సైడ్‌బాండ్ అయితే 12 వాట్లు వాడొచ్చు. 2021లో ఎఫ్ఎం కూడా ఒప్పుకున్నారు. 9వ ఛానలు ఆపదలకీ, ప్రయాణీకుల సాయానికీ కేటాయించారు. 19 మీద ట్రక్కువాళ్ళు మాట్లాడుకుంటారు. ఇదంతా అమెరికా సంగతి సుమండీ, ఇండియాలో నియమాలు వేరు.

సెల్‌ఫోనుండగా ఇదంతా ఎందుకంటారా? 2017లో మరియా హరికేన్ దెబ్బకి పోర్టోరికోలో నూటికి 95 సెల్ సైట్లు పడిపోయాయి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాసులో 45 లక్షల పైచిలుకు ఇళ్ళకీ, దుకాణాలకీ కరెంటు పోయింది. అంతెందుకు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు అమ్మానాన్నల ఫోను మోగక ఎంతమంది ఇక్కడ కూర్చుని విలవిల్లాడలేదు? సీబీ ఉంటే విశాఖతో మాట్లాడొచ్చని నేననను. దాని పరిధి నాలుగైదు మైళ్ళు, అదృష్టం బావుంటే ఇంకాస్త. కానీ అలాంటి రోజున కావలసింది ఆ నాలుగు మైళ్ళే. అవతలి వీధిలో ఉన్న పెద్దాయన మందులున్నాయో లేవో, ఏ రోడ్డు తెరిచి ఉందో తెలిస్తే చాలు.

ఇక కాలనీ సంఘం గొడవ. డిష్ పెట్టుకుంటే వద్దనడానికి వీల్లేదని ఎఫ్‌సీసీ నియమం ఒకటుంది. మనవాళ్ళు చాలామంది అది సీబీకి కూడా వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. అది చిన్న డిష్షులకీ, టీవీ యాంటెనాలకీ, ఇంటర్నెట్ వాటికీ మాత్రమే. అంచేత శాశ్వతంగా స్తంభం పాతాలంటే సంఘం అనుమతి కావాల్సిందే. దానికోసం ఏడాది పోట్లాడే కన్నా, అక్కర పడినప్పుడు కట్టి తర్వాత తీసేసేది తయారుగా ఉంచుకోవడం నయం కాదూ?

దాని తయారీ ఇంతే. మామూలు కరెంటు తీగ రెండు ముక్కలు, తొమ్మిదేసి అడుగులు. 50 ఓముల కో-ఆక్సియల్ కేబులు, ఆర్‌జీ-58 చాలు. కేబులు మధ్య తీగని ఒక ముక్కకి, పైన ఉండే అల్లికని రెండో ముక్కకి కలపండి. లాగితే తెగకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ ముక్కకి కట్టండి. మధ్య తీగకి కలిపినది పైకి, రెండోది కిందికి వచ్చేలా ప్లాస్టిక్ తాడుతో చెట్టుకొమ్మకి వేలాడదీయండి. కేబుల్ని వీలైనంత దూరం అడ్డంగా లాగండి, తీగ పక్కనుంచే కిందికి దింపొద్దు. తీగకి కలిసే చోట కేబుల్ని ఐదారు చుట్లు చుట్టి టేపు వేస్తే ఇంకా మంచిది.

నిలువుగానే ఎందుకంటే, కార్ల మీదా ట్రక్కుల మీదా యాంటెనాలు నిలువుగా ఉంటాయి కాబట్టి. మీది అడ్డంగా కడితే దగ్గరివాళ్ళ మాటే సన్నగా వినిపిస్తుంది. చెట్టు లేదా? చెక్క ఇళ్ళయితే అటకలో కట్టినా పనిచేస్తుంది. నిలువుగా అంత ఎత్తు దొరక్కపోతే ఏటవాలుగా కట్టండి. పైకప్పులో రేకూ, అల్యూమినియం పొరా ఉంటే మాత్రం ఆశ వదులుకోండి.

తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. ఇది లేకుండా మాట్లాడొద్దు. 1వ ఛానల్లోనూ 40లోనూ కొలవండి. 40లో ఎక్కువ చూపిస్తే తీగ పొడుగైందన్నమాట, రెండు కొసలూ సమానంగా కొంచెం కొంచెం కత్తిరించండి. ఒక్కోటి ఎనిమిదిన్నర అడుగుల దగ్గర్లో ఎక్కడో కుదురుతుంది. 2 లోపు వస్తే సుఖం, 3 దాటితే మైకు ముట్టుకోవద్దు. మిద్దెక్కి దూరదర్శన్ యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" "ఇంకా రాలేదు!" అని అరిచిన తరం మనది, ఈ మాత్రం ఓపిక లేకపోతుందా :)

కారుకి పెట్టే అయస్కాంతపు యాంటెనాని తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టేవాళ్ళుంటారు. దానికి కింద కారు కప్పంత రేకు కావాలి. అంతకన్నా కారులోనే కూర్చుని మాట్లాడుకోవడం మేలు, యాంటెనా, బ్యాటరీ రెండూ అక్కడే ఉన్నాయి!

ఇంకో రకం జనం యాంటెనా వదిలేసి పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్ల వెంట పడతారు. సీబీలో అవి చట్టవిరుద్ధం. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. 4 వాట్లని 16 చేస్తే అవతలివాడి మీటరు మీద పెరిగేది ఒక్క ఎస్-యూనిట్టు. మనకి వినిపించేది ఆవగింజంత కూడా పెరగదు. మంచి యాంటెనా అయితే నోటికీ పనికొస్తుంది, చెవికీ పనికొస్తుంది. పైగా కరెంటు పోయిన రాత్రి చార్జర్లూ, ఎల్ఈడీ దీపాలూ చేసే బరబర అంతా ఆగిపోతుంది. మామూలు రోజున వినపడని గొంతులు అప్పుడు వినపడతాయి. రేడియో నడవడానికి 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటే చాలు.

జాగ్రత్తలు రెండే, కానీ ప్రాణానికి సంబంధించినవి. తీగ తెగి ఎటు పడినా కరెంటు తీగలకి తగలనంత దూరంలో కట్టండి. ఉరుము వినపడక ముందే దింపేసి, కేబుల్ని రేడియో నుంచి ఊడదీయండి. ఇది గాలివాన వెలిశాక వాడే వస్తువు, గాలివానలో వాడేది కాదు.

"అవసరమొస్తే అప్పుడు కట్టుకుంటాంలే" అనేవాళ్ళకి నా జవాబొకటే. కరెంటు లేని రాత్రి, వానలో, టార్చిలైటు నోట్లో పెట్టుకుని తొమ్మిదడుగులు కొలవలేరు. ఒక శనివారం మధ్యాహ్నం కట్టి చూడండి. మీ ఊళ్ళో మరో రెండు ఇళ్ళవాళ్ళతో ఏ ఛానలో, రోజూ ఏ టైముకో ముందే అనుకోండి. ఎవరి గొంతు ఎక్కడిదాకా వినిపిస్తుందో కాగితం మీద రాసి రేడియోకి అంటించండి. ఆ తర్వాత తీగ చుట్టి పెట్టెలో పెట్టినా దిగుల్లేదు. అప్పుడది అలంకారం కాదు, చేంతాడున్న బొక్కెన.

ఏమంటారు?