మిడతలమని తలంచుకొనుట

తోటలలో పెరిగిన తెలుగువారి నోట ఈ మాట తఱచుగా వినబడును: “కూలివారి బిడ్డలము, మావలన ఏమగును?” కొందఱు దీనిని దీనమనస్సని మెచ్చుకొందురు. అది సరికాదు. దీనుడు దేవుని యెదుట తన్ను తగ్గించుకొనును. ఇట్టివాడు దేవుడు తనకిచ్చినదానినే తక్కువ చేయును.

కనానును వేగుచూచిన పండ్రెండుగురిలో పదిమంది అచ్చటి ఉన్నత దేహులను చూచి తమ్మును మిడతలతో పోల్చుకొనిరి (సంఖ్యాకాండము 13). వారికి ఆ పేరు మొదట పెట్టినది శత్రువు కాదు, వారి తలంపే.

తోటలవారికి ఆ తలంపు ఊరక పుట్టలేదు. 1860 మొదలు 1911 వఱకు నేటాలునకు గిర్మిటుమీద వచ్చినవారు 1,52,000 మందికి పైబడిరి. ఒక్కొక్కరికి ఒక అంకె. పేరునకు బదులు కూలి యను పిలుపు. దినదినము చెవిని పడిన మాట తుదకు మనస్సే పలుకసాగెను. అయినను 1903లో నేటాలులోని కియర్స్నీ తేయాకు తోటకు జాన్ రంగయ్యగారిని సేవకు పంపినది దొరలు కారు, తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషను సమాజమే. ఆ యేడే అచ్చట సంఘము నెలకొనెను.

లెక్క తప్పిన బాలుని “మొద్దు” అనుట ఇండ్లలో వాడుక. (ఉపాధ్యాయులును ఈ విషయమున నిర్దోషులు కారు.) తప్పినది లెక్క, బాలుడు కాడు. ఎవడైనను తన మనస్సుతో అట్లే మాటలాడవలెను. “నాకేమియు రాదు” అని లోపల వినబడగానే “ఏది రాదు?” అని అడుగవలెను. అప్పుడు వచ్చు జవాబు చిన్నది: ఒక ఎక్కము, నోరు తిరుగని ఒక ఒత్తక్షరము, వ్రాయుటకు జంకు ఒక అర్జీ. అంతమాత్రము ఒక సాయంకాలమున నేర్చుకొనవచ్చును.