అంతరిక్ష చిత్రాలలో కచేరీలు

వైజ్ఞానిక కల్పనా చిత్రాలు అనగానే మనకు గుర్తుకు వచ్చేవి అంతరిక్ష నౌకలు, యంత్రమానవులు, కాలయంత్రాలు. వాటిలోనూ ఎవరో ఒకరు పాడుతుంటారనీ, చుట్టూ ఉన్నవారు వింటుంటారనీ అంతగా పట్టించుకోము. నేను చెప్పబోయేది నేపథ్య సంగీతం గురించి కాదు. కథలోని పాత్రలే పాడి, వాయించి, కథలోని పాత్రలే వినే కచేరీల గురించి. చిత్రం చూపించే కొత్త లోకాన్ని మనం నమ్ముతామా, లేదా అన్నది చాలావరకు ఈ సన్నివేశాలలోనే తేలిపోతుందని నా అభిప్రాయం. నౌకను అట్టముక్కలతో చేసి మెప్పించవచ్చు. పాట మాత్రం మన చెవికి నిజంగా పాట అనిపించాలి.

ఇక్కడే సంగీత దర్శకుడికి చిక్కు వస్తుంది. ఇంకా రాని కాలపు పాట, ఎవరూ చూడని గ్రహపు పాట ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? 1956లో వచ్చిన 'ఫర్బిడెన్ ప్లానెట్' చిత్రానికి లూయీ బారన్, బీబీ బారన్ దంపతులు వాద్యాలను పూర్తిగా విడిచిపెట్టి, విద్యుత్ వలయాలలో పుట్టిన ధ్వనులతోనే సంగీతం కూర్చారు. సాహసమే. కాని అలాంటి ధ్వనులు భయాన్నీ వింతనూ కలిగిస్తాయి గాని, కచేరీ విన్న తృప్తిని ఇవ్వవు. 1977 నాటి 'స్టార్ వార్స్'లో జాన్ విలియమ్స్ వేరే దారి పట్టాడు. 1930ల నాటి జాజ్ సంగీతపు కాగితాలు ఏ పరలోక జీవులకో దొరికితే, వాళ్లు వాటిని ఎలా వాయిస్తారు? ఈ ఊహతో పుట్టినదే ఎడారి గ్రహపు పానశాలలో వినిపించే బాణీ. అందులో వినిపించేవి క్లారినెట్, శాక్సొఫోన్, ట్రినిడాడ్ ఉక్కు డ్రమ్ము వంటి మన భూలోకపు వాద్యాలే. మధ్యలో కొట్లాట జరిగి ఒకడి చెయ్యి తెగుతుంది. వాద్యం ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. పెళ్లిపందిట్లో వియ్యాలవారి తగవు ముదిరినప్పుడు మన మేళగాళ్లు చేసేదీ అదే కదా!

వెనుకటి కాలానికి వెళ్లినా చిక్కు ఇదే. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో కథానాయకుడు కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు చేరుతాడు. ఆ కాలపు పాట ఎలా ఉండేదో చెప్పడానికి ధ్వనిముద్రణలు లేవు. ఇళయరాజా ఆ కాలానికి చెందిన పాటకు బాలసుబ్రహ్మణ్యం, శైలజ గొంతులతో పాటు జిక్కి గొంతునూ ఎన్నుకున్నాడు. 1950లలో మన పెద్దలు విన్న ఆ గొంతు వినగానే శ్రోత మనసు దానంతట అదే వెనక్కి నడుస్తుంది.

లుక్ బెసాన్ 1997లో తీసిన 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' కథ 23వ శతాబ్దంలో జరుగుతుంది. అంతరిక్ష విహారనౌకలోని రంగస్థలం మీద నీలిరంగు శరీరం గల గాయని పాడేది డోనిజెట్టి రచించిన సంగీత నాటకంలోని భాగం. ఆ నాటకం 1835లో తొలిసారి ప్రదర్శించబడింది. గొంతు అల్బేనియా గాయని ఇన్వా ములాది. నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా పాత పాటేనా అని కొందరు నవ్వవచ్చు. 1835లో త్యాగరాజస్వామి తిరువయ్యారులో జీవించే ఉన్నారు. ఆయన తెలుగు కీర్తనలను తెలుగు మాతృభాష కానివారు కూడా నేటికీ నేర్చుకొని పాడుతున్నారు. మంచి పాటకు నాలుగు శతాబ్దాలు పెద్ద దూరమని నేను అనుకోను.

అయితే వీటన్నిటికంటే నేను మిన్నగా ఎంచేది స్పీల్‌బర్గ్ 1977లో తీసిన 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్'. ఇందులో ఆకాశం నుండి వచ్చినవారికీ మనుషులకూ మధ్య మాట లేదు. అయిదు స్వరాలు మాత్రమే ఉన్నాయి. విలియమ్స్ వందలకొద్దీ వరుసలు రాసి చూపితే అందులో ఒకటి ఎంపికయింది. మన లెక్కలో అది రి, గ, స, తరువాత కిందిస్థాయి స, ఆపైన కిందిస్థాయి ప. మోహన రాగం నేర్చుకున్నవారికి ఇవన్నీ పరిచయమైన స్వరాలే. ఒక సన్నివేశంలో మన దేశంలోనే వేలమంది ఈ వరుసను కలిసి పాడుతుంటారు. ఎక్కడ విన్నారని అడిగితే అందరి వేళ్లూ ఒక్కసారిగా ఆకాశం వైపు లేస్తాయి. కథలో అది ఉత్తర భారతం. చిత్రీకరించింది మహారాష్ట్రలో, ఖాలాపూర్ దగ్గర.

సంగీతం విశ్వభాష అని సులువుగా అంటారు. నేర్చుకోకుండానే అందరికీ అర్థమయ్యే భాష అని దాని భావమైతే నేను ఒప్పుకోను. ఈ చిత్రం కూడా ఒప్పుకోదు. పతాక సన్నివేశంలో శాస్త్రజ్ఞులు అయిదు స్వరాలు వాయిస్తారు. నౌక ట్యూబా వాద్యపు గంభీర ధ్వనితో బదులిస్తుంది. ఆ ధ్వని ధాటికి అద్దాలు పగులుతాయి. తరువాత నౌక వాయించినదానిని స్వరానికి స్వరంగా వీరు తిరిగి వాయిస్తారు. గురువు ముందు కూర్చుని సరళీ స్వరాలు పలికే పిల్లలకూ వీరికీ తేడా లేదు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వింటూ పెరుగుతున్న మీకు ఈ పాఠం ఎంత ఓపికగా సాగాలో వేరే చెప్పనక్కరలేదు. పొరుగు భాషలో మొదటి మాట మనం నేర్చినదీ ఇలాగే, విని, తిరిగి పలికి, తప్పితే మళ్లీ పలికి.

నాకు నచ్చని చోటు ఒకటి ఉంది. వేగం పెరగగానే మనిషి మీటల మీది నుండి చేతులు తీసేస్తాడు. మిగిలినదంతా కంప్యూటరే వాయిస్తుంది. విద్వాంసుడిని కచేరీ మధ్యలో లేపి యంత్రాన్ని కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఆ లోటు కాసేపట్లోనే తీరుతుంది. హంగరీ సంగీతవేత్త కొడాయ్ పేరుతో ప్రసిద్ధమైన, బడిపిల్లలకు స్వరాలు నేర్పే హస్తసంజ్ఞలు కొన్ని ఉన్నాయి. శాస్త్రజ్ఞుడి పాత్ర ధరించిన ఫ్రెంచి దర్శకుడు త్రూఫో, నౌక దిగి వచ్చిన అతిథి ఎదుట నిలబడి, ఆ సంజ్ఞలతో అయిదు స్వరాలనూ చేతితో చూపుతాడు. అతిథి తన సన్నని వేళ్లతో వాటినే తిరిగి చూపి, చిన్నగా నవ్వుతాడు.