పార్టీ గుర్తులేని ఎన్నికలు, పేరులేని మద్దతు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమీషనరు గారికి,



మా సదుం మండలమున జడ్పీటీసీ అభ్యర్థికి పార్టీ యొసగు బీ-ఫారము కలదు. పార్టీరహితమగు ఎన్నిక గనుక సర్పంచి అభ్యర్థికి అట్టిది లేదు. అయినను గ్రామపంచాయతీ ఎన్నికలలో రచ్చబండ కడ నాయకుడు పలికిన పేరు, అభ్యర్థి భుజమున వ్రేలాడు కండువా ఆ పత్రముకన్న బలవత్తరములగుచున్నవి. 2021లో ఒక పక్షము ప్రకటించిన పంచాయతీ ఎన్నికల ప్రణాళికను రాష్ట్ర ఎన్నికల సంఘమే రద్దుచేసినది. కాని ఫలితములు వెలువడగనే ప్రతి పక్షమును తాను ‘బలపరచిన’ సర్పంచుల సంఖ్యను చాటుకొనుటను ఎవ్వరును వారింపలేదు.

మద్దతు నిచ్చుట దోషమని నేననను. ఎవరు, ఏ సమావేశమున, ఏ కారణమున నిచ్చిరో ఓటరునకు తెలియకుండుటయే నా బాధ. ఏకగ్రీవము పేరిట పోటీయే లేకుండ జేసినచోట ఆ బాధ ద్విగుణము. కావున పక్షములిచ్చు మద్దతును సంతకముతో వ్రాయించి, పోలింగునకు మున్నే పంచాయతీ కార్యాలయపు గోడపై నంటింపజేయ ప్రార్థన.

ఇట్లు,
సదుం మండల ఓటరు