లోతట్టు ప్రాంతం ఎవరి అడ్రస్?



ముసురు పట్టిందంటే చాలు, టీవీ తెర కింద ఒక వాక్యం పరుగెత్తుతుంది: "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." కలెక్టరేట్ ప్రెస్‌నోట్‌లో అదే, మున్సిపాలిటీ ఆటో మైకులో అదే. తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ని, నాకు వాక్యాల మీద అనుమానం ఎక్కువ. ఈ వాక్యంలో లోతట్టు అనేది కొండలాగా, వాగులాగా దానంతట అదే పుట్టినట్టు ఉంటుంది. ఆ ప్రజలు అక్కడికి ఎట్లా చేరారో ఉండదు. పైగా అప్రమత్తంగా ఉండాల్సిన పని కూడా వాళ్లదే. లేఅవుట్‌కు సంతకం పెట్టినవాళ్లు, చెరువు శిఖంలో ప్లాట్లు కోసినవాళ్లు మెరక మీద హాయిగా నిద్రపోవచ్చు.

పాలకీడు నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దాకా ఎప్పుడైనా బస్సులో కిటికీ పక్కన కూచుని చూడండి. చాలా ఊళ్లల్లో రోడ్డు దిగాకనే ఎస్సీ కాలనీ కనిపిస్తుంది. ఒకచోట చెరువు అలుగు పారే వైపు, ఇంకోచోట కాలువ జాలు పట్టే వైపు. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక మంచి భూమికి రేటు పెరిగింది. ఆ తర్వాత మనవాళ్లకు ఇండ్ల స్థలాలు వెతికినప్పుడల్లా ఎవరికీ అక్కరకు రాని గుంతలే దొరికాయి. దాన్నే ఇప్పుడు లోతట్టు ప్రాంతం అంటున్నారు.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న పడ్డ వాన గుర్తుంది కదా. కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, ఇద్దరు చనిపోయారు. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు, మహబూబాబాద్ వైపు ఆకేరు, విజయవాడలో బుడమేరు. ఆ వారం కాలేజీ తెరిచాక క్లాసులో ఒక తమ్ముడు అన్నాడు: "వాన కులం చూడదు కద సార్, కార్లున్నోళ్లవి కూడా పోయినయ్." వాన కులం చూడదు, నిజమే. నీళ్లు ఎత్తుపల్లాలే చూస్తాయి. ఎవరికి ఎత్తు, ఎవరికి పల్లం అనేది వాన రాకముందే తేలిపోయి ఉంటుంది. అదే బెంచీలో కూచున్న ఒక చెల్లె పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్ రెండూ తడిసి ముద్దయ్యాయి. కారు పోయినాయనకు ఇన్సూరెన్స్ ఉంటుంది. ఈ పిల్ల స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం మీసేవ చుట్టూ తిరగాలి.

ఇక విజయవాడ. బుడమేరు ముంచిన సింగ్ నగర్ వైపు పేటల పేర్లు చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను: వాంబే కాలనీ. వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. మురికివాడల పేదలకు ఇండ్లు కట్టాలని 2001లో కేంద్రం తెచ్చిన పథకం. బాబాసాహెబ్ పేరు పెట్టి కట్టిన ఇండ్లు, ఏరు పొంగితే నీళ్లొచ్చే దారిలో! 2005లో కూడా బుడమేరు ఆ నగరాన్ని ముంచింది. పంతొమ్మిదేండ్లు టైం ఇచ్చింది పాపం, ఏరు కూడా.

అదే విజయవాడలో ఇంకో సంగతి జరిగింది. మనం దాన్ని దాచకూడదు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పారాయి. అంతకు ముందు వరదల్లో మునిగిన పేదల పేట కృష్ణలంక ఈసారి నిలబడింది. కారణం నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్. ఒక్క ప్రభుత్వం కట్టింది కాదది, కొందరి హయాంలో కొంత, ఇంకొందరి హయాంలో ఇంకొంత. గోడ ఎవరిదని పార్టీలు కొట్టుకోనీ. ముందే ఖర్చు పెడితే పేదల ఇండ్లు మునగవని మాత్రం తేలిపోయింది. ఒడిశానే చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వస్తే లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల సంఖ్య దాటలేదు. కాబట్టి "ప్రకృతి ముందు మనమెంత" అని చేతులు ఎత్తేసేవాళ్లను నమ్మకండి.

ఇక్కడ చట్టం దగ్గరికి రావాలి. విద్యార్థి సంఘాల వాళ్లు ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం శిబిరాల్లో దళితులను వేరుగా పెట్టారని, సాయంలో వెనక్కి నెట్టారని మానవ హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. ఆ మరుసటి ఏడాది విపత్తు నిర్వహణ చట్టం, 2005 వచ్చింది. అందులో 61వ సెక్షన్, పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు కులం, మతం, లింగం, పుట్టుక చూసి వివక్ష చూపకూడదని చెబుతుంది. మంచిదే. ఆ సెక్షన్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. పులిహోర పొట్లం పంచే దగ్గర, నష్టపరిహారం చెక్కు రాసే దగ్గర. అంటే మునిగినాక వివక్ష ఉండొద్దు. ఎవరు మునగాలో ముందే నిర్ణయించే మాస్టర్ ప్లాన్ దగ్గర, కరకట్ట ఎక్కడ ఆపాలో గీసే దగ్గర, ఇండ్ల స్థలం సర్వే నంబర్ ఎంచే దగ్గర కులం మాట ఆ సెక్షన్‌లో లేదు. మన కొట్లాట అక్కడికి చేరాలి.

అదే చట్టంలో 31వ సెక్షన్ ఉంది. ప్రతి జిల్లాకూ విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉండాలి, దాన్ని స్థానిక సంస్థలతో సంప్రదించి తయారు చేయాలి, ఏటా సవరించాలి, జిల్లాలో ముప్పు ఉన్న ప్రాంతాలేవో అందులో రాయాలి. 2025లో చట్టాన్ని సవరించి నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలు అన్నారు. ఎవరికయ్యా అంటే, రాష్ట్ర రాజధానులకు, మున్సిపల్ కార్పొరేషన్లు ఉన్న నగరాలకు. మన కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మున్సిపాలిటీలే. చట్టం దృష్టిలో మనం మునిగేంత పెద్ద పట్టణాలం కాలేదన్నమాట.

ప్రణాళిక అనే మాట వినగానే మనవాళ్లు భయపడటానికీ కారణం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచి వేల మందిని పొట్టన పెట్టుకుంది. నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో తయారయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసేసి పేదలకు కొన్ని కాలనీలు కూడా కట్టారు. ఒక నగరం ముందుచూపుతో ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన నేల మీద లేదు. మరి వందేండ్ల తర్వాత? 2024లో అదే మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ పేదల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసుకుంటూ పోయారు. నది పక్కన పేదవాడుంటే ఆక్రమణ, డబ్బున్నవాడు అనుమతి లేకుండా కడితే దానికి ఎల్ఆర్ఎస్, బీఆర్ఎస్. (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.) అందుకే మనం ప్లాన్ కావాలని అడిగేటప్పుడు, లేచిన ఇంటికి బదులు ఎక్కడ, ఎంత దూరంలో, ఎవరి పేరు మీద పట్టా అన్నది కూడా అదే కాగితంలో అడగాలి. కూలి దొరికే అడ్డా నుంచి ఇరవై కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే అది ఇంకో రకం వరద.

ఆ మూసీయే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమానికి ఇవతలి ఒడ్డు మా పాలకీడు మండలం. హైదరాబాద్ ప్లాన్ హైదరాబాద్ పొలిమేరల్లో అయిపోతుంది, దాని మురుగు మాత్రం మా దాకా నడిచొస్తుంది. ఏ నగరం ప్లాన్‌లోనైనా దిగువ ఊళ్లకొక పేజీ ఉండాలని నేననేది ఇందుకే.

ఇంకో సంగతి, పుస్తకాల్లో తక్కువ కనిపించేది. మన ఊళ్లల్లో విపత్తు నిర్వహణ చేసింది ఎవరు? నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం, అర్ధరాత్రి కట్ట మీద కాపలా, ఎక్కడ బుంగ పడుతుందో పసిగట్టడం. తెలంగాణలో ఎన్నో ఊళ్లల్లో ఆ పని చేసింది మాలవాడ మనిషి. ఊరికి ముప్పు చెప్పడానికి చాటింపు వేసింది మాదిగ డప్పు. వెట్టిలో చేసిన చాకిరీ అది, దాన్ని పొగిడి పండుగ చేయను. అయితే ఆ చాకిరీలో ఒక శాస్త్రం ఉంది. ఏ వాన ఎంత పడితే ఏ అలుగు ఎప్పుడు దుంకుతుంది, ఆ నీళ్లు ఏ దారి పడతాయి అన్నది తరతరాలుగా వాళ్ల కాళ్లకు తెలుసు. 2020లో వీఆర్వోలను రద్దు చేశారు, 2023లో వీఆర్ఏ వ్యవస్థను తీసేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దారు. వాళ్లకు పే స్కేల్ రావడం న్యాయం, అది పోరాడి తెచ్చుకున్నది. కానీ చెరువు కట్ట మీద ఇప్పుడు ఎవరున్నారు? ఫోన్‌కు అలర్ట్ వస్తుందంటారు. కరెంటు పోయిన రాత్రి, చార్జింగ్ లేని ఫోన్‌కు.

బాబాసాహెబ్‌ను రాజ్యాంగం దగ్గరే ఆపేయడం మనకు అలవాటైంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా నీటిపారుదల, విద్యుత్తు ఆయన చేతిలోనే ఉన్నాయి. దామోదర్ లోయ పథకం సమావేశాలు ఆయనే నడిపాడు. 1945 నవంబర్‌లో కటక్‌లో ఒడిశా నదుల గురించి మాట్లాడుతూ, ఎక్కువ నీళ్లను కీడుగా చూడటమే తప్పని, వదిలించుకోవడం కాదు నిలుపుకోవడం నేర్వాలని వాదించాడు. వరద గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిదని అడిగేవాళ్లకు ఇది చెప్పండి.

ఇక పని. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు పది రూపాయలు. సూర్యాపేట జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే చైర్‌పర్సన్. జిల్లా ప్రణాళిక తాజా ప్రతి అడగండి, చివరిసారి ఎప్పుడు సవరించారో అడగండి. ముప్పు ప్రాంతాల జాబితాలో ఎస్సీ కాలనీలు, తండాలు ఎన్ని ఉన్నాయో, వాటికి 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద మోరీలకు, రక్షణ గోడలకు ఎంత పెట్టారో అడగండి. మిర్యాలగూడ మిత్రులు నల్లగొండకు వేయండి. మున్సిపాలిటీలో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు అడగండి. పాతిక ఎకరాలు, అంటే పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతుంది. టేపు పట్టుకొని పోయి కొలవండి, ఫొటోలు తీయండి. వాడలో ముసలోళ్లను కూచోబెట్టి ఏ ఏడు నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో గోడ మీద గీత గీయించండి. జిల్లా ప్రణాళిక సవరణకు మనం పెట్టే అర్జీకి ఆ గీతల ఫొటోలు జత చేద్దాం.

2024లో పంట నష్టానికి ఎకరాకు పదివేలు ప్రకటించారు కదా. పట్టా లేని కౌలు రైతుకు, నాట్లు పోయిన కూలి అక్కలకు అందులో ఏం దక్కిందన్నది వచ్చే భాగంలో రాస్తాను. మీ ఊరి వివరాలు ఉంటే పంపండి.

జై భీమ్.